తాత మాటే దస్తావేజు

ఇడపనూరు పెద్దాయన పోయాక మాకు తెలిసొచ్చిన సంగతి

నిజాం రాజ్యంలో పుట్టాడు. హైదరాబాద్ రాష్ట్రంలో పెళ్ళాడాడు. మైసూరు రాష్ట్రంలో పిల్లల్ని పెంచాడు. కర్ణాటకలో మనవల్ని, మునిమనవల్ని ఎత్తుకున్నాడు. ఇన్ని మారినా ఇల్లు మారలేదు. రాయచూరు తాలూకా ఇడపనూరులో అదే వీధి, ఇంటి ముందు అదే రాతి కట్ట. ఆ కట్ట మీద కూర్చుని ఊరందరి మంచీచెడ్డా చూసిన మా తాత తొంభై అయిదేళ్ళ వయసులో, 2023 ఎండాకాలంలో కన్నుమూశాడు. ఆయన పోయిన పదోనాడే ఆ కట్ట దగ్గరికి ఒక తగాదా వచ్చింది. తీర్చే మనిషి మాత్రం లేడు.

బండ్ల దోవ ఎవరిది?

తెల్లవారితే పెద్దదినం. పందిరి కింద వంటపాత్రలు దించుతున్నారు. మంత్రాలయం దిక్కు నుంచి, గద్వాల దిక్కు నుంచి చుట్టాలు దిగుతున్నారు. అంతలో ఊళ్ళోని రెండు కుటుంబాలవాళ్ళు వచ్చి కట్ట ముందు నిలబడ్డారు. అన్నదమ్ముల బిడ్డలే. ఒకరి చేను ముందుంది, ఇంకొకరిది దాని వెనక. ముందు చేనాయన కంచె వేయాలని రాళ్ళు తోలించాడు. కంచె పడితే వెనక చేనికి ట్రాక్టరు పోయే దోవ లేదు.

"ఆ దోవ సంగతి తాతే తెగ్గొట్టినాడు. మా నాయినలు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏమని చెప్పినాడో మీకు తెలిసుంటాది గదా?" అని అడిగారు.

మా నాన్న నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను. ఎందుకంటే తాత నాకు ఆ సంగతి చెప్పాడు. నాలుగేళ్ళ కిందట, ఇదే కట్ట మీద, "రేయ్, ఆ బండ్ల దోవ మాట ఒకటి ఉంది, విను" అని మొదలుపెట్టి వేపచెట్టని, పాతబావని ఏదో చెప్పుకుంటూ పోయాడు. నా చేతిలో ఫోనుంది. ఊఁ ఊఁ అన్నాను. ఆ రెండు ఊఁలు తప్ప నాకేమీ గుర్తులేదు.

పహణీ తీసి చూశారు. కర్ణాటకలో 2000 ప్రాంతంలోనే 'భూమి' పేరుతో పహణీలు కంప్యూటర్‌కు ఎక్కాయి. నాడకచేరికి పోతే కాగితం చేతికొస్తుంది. అందులో సర్వే నంబరుంది, విస్తీర్ణముంది, పైరుంది, పట్టాదారు పేరుంది. దోవ లేదు. ఆ దోవ ఉన్నదల్లా ఒకే ఒక్కచోట. తాత బుర్రలో.

తాత ఎంత మంచివాడో ఆ పది రోజులూ వచ్చినవాళ్ళంతా చెప్పారు. ఆయన పోవడంతో ఊరికి పోయిందేమిటో మాత్రం ఆ పూటే తెలిసింది.

రెండు గట్లు, రెండు నాణేలు

తాతకు తన పుట్టినరోజు తెలియదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని వేశారు, వయసు ఆరేళ్ళు తగ్గించారు. "పోలీసు యాక్షన్ నాటికి నాకు ఇరవై నిండినాయి" అన్నదే ఆయన లెక్క. అంటే 1928 ప్రాంతంలో పుట్టుంటాడు.

ఆ రోజుల్లో తుంగభద్ర ఒక ఏరే కాదు, రెండు రాజ్యాల గట్టు. ఇవతల నిజాం, అవతల ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాజ్యం. తాతవాళ్ళ నాయనకు బాడుగ బండి ఉండేది. జొన్నలు, పత్తి, మనుషులు, ఏది దొరికితే అది తోలేవాడు. పది పన్నెండేళ్ళ నుంచే తాత ఆ బండి మీద ఉన్నాడు. ఏటి గట్టున కరోడ్‌గిరి నాకా, అంటే నిజాం సుంకం చౌకీ. ఇవతల హాలీ సిక్కా రూపాయి, అవతల కల్దారు రూపాయి. ఆరు కల్దారుకు ఏడు హాలీ మారకం. "నేను బడికి పోయింది తక్కువే గానీ, ఆరు ఏళ్ళ లెక్క మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తా" అని నవ్వేవాడు.

ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో ఉర్దూ. ఈ మూడూ ఆయన చదువుకుని నేర్చినవి కావు, బండి మీద కూర్చుని నేర్చినవి. బండిలో సగం బాడుగ సరుకైతే, సగం ఊరివాళ్ళ పనులు. ఒకరికి రాయచూరు నుంచి మందు తేవాలి. ఒకరి కూతురింట్లో చెప్పి రావాలి. ఒకరి అర్జీ కచేరీలో ఇచ్చి రావాలి. దేనికీ దుడ్డు తీసుకునేవాడు కాదు. "బండి ఎట్లా పోతా ఉంది గదప్పా, మాటకేం బరువు?" అనేవాడు.

గంజి బాకీ

ఇంత కలుపుగోలుతనం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే తాత 1948 కథ చెప్పేవాడు. రజాకార్ల భయం ముదిరిన రోజులు. గట్టు ఊళ్ళనుంచి జనం రాత్రిపూట పుట్టిలెక్కి ఏరు దాటి అవతలికి పోతున్నారు. తాత కూడా తల్లిని, ఇద్దరు చెల్లెళ్ళను తీసుకుని దాటాడు. తల్లి పుట్టిల్లు మంత్రాలయం దిక్కే గానీ, అక్కడికి చేరేలోగా రెండు రాత్రులు దారిలో గడిచాయి.

"ఎవరింటి కాడ ఆగినామో నాకు తెలీదు. ఆ ఇంటాయమ్మ ఎవరని అడగలే, ఏ ఊరని అడగలే. నలుగురికీ గంజి పోసింది. తెల్లారి లేచి వచ్చేసినాం. మళ్ళా ఆ ఇల్లు ఎంత ఎతికినా దొరకలే" అనేవాడు.

సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. కొన్నాళ్ళకు తాత తిరిగి ఇడపనూరు వచ్చాడు. అప్పటినుంచీ ఇంటి ముందు ఎవరు ఆగినా మొదట అడిగేది ఒకటే మాట: "తిన్నావా?" పేరు తర్వాత, ఊరు తర్వాత, పని ఆ తర్వాత. మంత్రాలయానికి నడిచిపోయే యాత్రికులు, దోవ తప్పిన గొర్రెలవాళ్ళు, బస్సు తప్పిన మాస్టర్లు, అందరికీ అదే ప్రశ్న. "ఆ గంజి బాకీ ఇంకా తీరలేదురా, ఎవరికి తీర్చాలో తెలీక అందరికీ తీరుస్తా ఉండా" అనేవాడు.

ఏరు కదలలేదు, హద్దు కదిలింది

1953లో అవతలి గట్టు ఆంధ్ర రాష్ట్రమైంది, కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబర్ 1న మన రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పటిదాకా రాయచూరు జిల్లాలోనే ఉన్న గద్వాల, అలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లాకు పోయాయి. 1973లో మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. 2014లో గద్వాల దిక్కు తెలంగాణ అయింది.

తాతవాళ్ళ పెద్ద చెల్లెలిని గద్వాల తాలూకాకు ఇచ్చారు. ఇచ్చినప్పుడు అది సొంత జిల్లా. తర్వాత పరాయి రాష్ట్రం. ఆ తర్వాత ఇంకో రాష్ట్రం. మేనమామల ఊరు ఆంధ్ర. ఇల్లు కర్ణాటక. పెళ్ళి పత్రికలు పంచాలంటే మూడు రాష్ట్రాలు తిరగాలి. తాత ఒక్క పెళ్ళికీ ఎగ్గొట్టలేదు. 2013లో గద్వాల నుంచి రాయచూరుకు రైలు పడితే, ఎనభై అయిదేళ్ళ వయసులో పట్టుబట్టి ఆ రైలెక్కి చెల్లెల్ని చూసొచ్చాడు. "ఎడ్లబండి మీద రెండు దినాలు పట్టేది, ఇప్పుడు తాంబూలం నమిలేలోపల వచ్చేస్తాంది" అని వారం రోజులు అదే మాట.

సంబంధాలు కుదర్చడంలో ఆయనది ఒక పద్ధతి. దాపరికం లేదు. "పిల్లోడు మంచోడే, కానీ కోపం జాస్తి. అత్త నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే, పెడుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ముందు కొందరు మొహం ముడుచుకున్నా, తర్వాత వాళ్ళే వచ్చి ఇంకో పిల్లకు చూడమనేవాళ్ళు. లోపాలు ముందే తెలిసిన పెళ్ళిలో పేచీలు తక్కువని ఆయన నమ్మకం.

పాతరలో లాంతరు

1972 కరువు మా ఊరి ముసలివాళ్ళకు నిన్నటి సంగతిలా గుర్తుంది. జొన్న పండలేదు. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చినా, రాయచూరు తాలూకా ఆ కాలువకు చిట్టచివర. పైన తాగగా మిగిలితేనే ఇక్కడికి.

మా ఇంటికి జొన్నల పాతర ఉండేది. ఈ కాలం పిల్లలకు పాతరంటే తెలియదు. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు నింపి పైన మట్టితో మూసేస్తారు. ఏళ్ళతరబడి పురుగు పట్టదు. అయితే తెరవగానే దిగకూడదు. లోపల విషగాలి పేరుకుని ఉంటుంది. అది తెలియక దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. తాత మూత తీయించి ఒక పూటంతా అలా వదిలేసేవాడు. తర్వాత తాడు కట్టి లాంతరు దించేవాడు. లాంతరు ఆరిపోతే ఆ రోజు దిగేది లేదు. ఎన్ని ఆకలి కళ్ళు చుట్టూ చూస్తున్నా సరే. "ఆకలికి ఒక పూట ఓర్చుకోవచ్చు, సావుకు ఓర్చుకునేది లేదు" అనేవాడట.

ఆ ఏడు పాతర తెరిచి కొలిచి ఇచ్చాడు. నాగు లేదు. కొలతకు కొలత, పండినప్పుడు. మామూలుగా ధాన్యం అప్పు తెస్తే కొలతకు పైన వడ్డీగా నాగు కలిపి తిరిగివ్వాలి. అందుకే కరువులో పాతరున్నవాడు మూడేళ్ళలో పొలాలున్నవాడయ్యేవాడు. తాత కాలేదు.

ఊరికి పెద్ద, ఇంటికి చుట్టం

ఈ కథలు చెప్పేటప్పుడు ఊళ్ళోవాళ్ళు వదిలేసే ముక్క ఒకటుంది. అది మా అవ్వ ముక్క.

"మీ తాత 'తిన్నావా' అని అడుగుతాడు. వండేది ఎవరు?" అనేది అవ్వ. కట్ట మీద పదిమంది కూర్చుంటే లోపల పొయ్యి ముందు ఆమె ఒక్కతే. జొన్నరొట్టె ఒక్కొక్కటే చేత్తో తట్టాలి. ముప్పై రొట్టెలు తట్టిన చెయ్యి రాత్రి తల కింద పెట్టుకుంటే నొప్పికి నిద్ర పట్టేది కాదట. పాతరలోంచి పోయిన జొన్నలు అన్నీ తిరిగి రాలేదు. ఎవరెవరు ఇవ్వలేదో తాత మర్చిపోయాడు. అవ్వ మర్చిపోలేదు.

ఒకసారి తెలిసినవాడికి అప్పు కావాలంటే తాత జామీను పడ్డాడు. వాడు ఊరు విడిచి పోయాడు. బాకీ కట్టడానికి రెండెకరాల చేను పోయింది. అది మా అత్త పెళ్ళికని అనుకున్న చేను. ఆ పెళ్ళి మూడేళ్ళు వెనక్కి పోయింది. ఆ మూడేళ్ళూ అవ్వ తాతతో అవసరానికి మించి మాట్లాడలేదు. "ఊరికి పెద్ద, ఇంటికి చుట్టం" అన్న మాట ఆమె అప్పుడే పుట్టించింది. తాత ఆ మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. తర్వాత ఎవరికీ జామీను పడలేదు. "మాటిస్తా, చెయ్యిస్తా, సంతకం మాత్రం మా ఆమెనడగాల" అని నవ్వుతూ తప్పించుకునేవాడు. నవ్వినా, అది నిజం.

అవ్వ 2011లో పోయింది. ఆమె పోయాక కట్ట మీద జనం తగ్గలేదు గానీ, రొట్టెలు తగ్గాయి. "తిన్నావా" అని అడిగి, "ఉండు" అని తనే లేచి పొయ్యి దగ్గరికి పోయేవాడు తాత. ఎనభై దాటాక రొట్టె తట్టడం నేర్చుకున్నాడు. గుండ్రంగా ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం బస్సులో పేపరు

మా చిన్నప్పుడు తెలుగు పేపరు ఊరికి పొద్దున్నే వచ్చేది కాదు. మధ్యాహ్నం రాయచూరు బస్సులో వచ్చేది. బస్సు దిగిన పేపరు నేరుగా కట్ట మీదికే. తాతకు తెలుగు అక్షరాలు వచ్చు, అయితే కూడబలుక్కుని చదివేవాడు. అందుకని బడి పిల్లల్లో ఎవరినో ఒకరిని పట్టుకునేవాడు. మేమంతా కన్నడ బడిలో చదివేవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగైనా రాతలో అది మాకు రాదు. తాత పుణ్యమా అని, పేపరు చదివి వినిపిస్తే ఇచ్చే బెల్లంముక్క పుణ్యమా అని, పదిమందిమి తెలుగు చదవడం నేర్చుకున్నాం. రెండు లిపుల్లో అక్షరాలు చాలావరకు అక్కాచెల్లెళ్ళే. తలకట్టు ఒకటి సరిచూసుకుంటే సగం పని అయినట్టే. మా బడి మాస్టరు ఎప్పుడూ వద్దనలేదు. ఆయనా సాయంత్రం కట్ట మీదికొచ్చి కన్నడ పేపరు వార్తలు తాతకు చెప్పేవాడు.

పండగలూ అంతే. పీర్ల పండక్కి గుండం తవ్వడానికి మొదటి గడ్డపార తాతది. ఎళ్ళమావాస్యకు చేలో చరగ చల్లి, ఆ పూట దోవన పోయేవాళ్ళందరినీ పిలిచి సజ్జరొట్టె పెట్టాల్సిందే. ఏరువాక పున్నమినాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూస్తే, బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చిన తర్వాత కూడా, ఎద్దులున్న ఆ నాలుగిళ్ళకు పోయి పూసి వచ్చేవాడు.

కట్ట కింద నిలబడ్డవాళ్ళు

తాతను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఆయన కట్ట అందరిదీ అంటారు. మొదట్లో అది నిజం కాదు. కాలనీ నుంచి వచ్చే కూలివాళ్ళు కట్ట ఎక్కేవాళ్ళు కాదు, కింద నిలబడేవాళ్ళు. టీ గ్లాసులు వాళ్ళకు వేరే ఉండేవి. "తిన్నావా" అని వాళ్ళనూ అడిగేవాడు, పెట్టేవాడు కూడా. కానీ కూర్చోమనలేదు. ఊరి పద్ధతి అదే, తాత ఆ పద్ధతికి ఎదురు నిలవలేదు. నా చిన్నప్పుడు నేను కళ్ళారా చూసిందే ఇది.

మార్పు వరదతో వచ్చింది. 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, కృష్ణ రెండూ పొంగాయి. మంత్రాలయం మునిగింది, కర్నూలు మునిగింది, మన జిల్లాలో గట్టు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఎండు జొన్నరొట్టె వారాలకొద్దీ పాడవదు కాబట్టి, వరద బాధితులకు పంపడానికి ఊళ్ళో ఇల్లిల్లూ రొట్టెలు చేసింది. అన్నీ మా కట్ట మీదికి చేర్చారు. కాలనీ ఆడవాళ్ళు కూడా గంపలతో తెచ్చారు. అప్పుడు ఒకాయన గొణిగాడు: అవి వేరే మూట కడదామని.

తాతకు అప్పటికి ఎనభై ఒకటి. లేచి నిలబడి, ఆ గంపలు తన చేత్తో తీసుకుని మిగతా రొట్టెల్లో కుమ్మరించి కలిపేశాడు. "యాభై రెండేళ్ళు వచ్చినా నాకు బుద్ధి రాలే, అరవై రెండుకూ రాలే, ఇప్పుడొచ్చింది. ఏరు దాటిన నాడు నాకు గంజి పోసినాయమ్మ ఎవరో నేను అడిగినానా?" అన్నాడు. ఆ తర్వాత వేరే గ్లాసులు మా ఇంట్లో లేవు. కాలనీ కుర్రాళ్ళు కట్ట ఎక్కి కూర్చున్నారు. ముసలివాళ్ళు మాత్రం అలవాటు కొద్దీ కిందే నిలబడేవాళ్ళు. అరవై ఏళ్ళ ఆలస్యం ఒక్క పూటలో తీరేది కాదు గదా.

"నిలబడే వింటిని"

మళ్ళీ ఆ పదోనాటి మాటకొస్తాను. రెండు కుటుంబాలూ గొంతులు పెంచాయి. ఒకరు సర్వేయరును పిలుస్తామన్నారు, ఇంకొకరు కోర్టుకు పోతామన్నారు. చావింటి ముందు అరుపులేమిటని పెద్దవాళ్ళు సర్దుతున్నారు. అప్పుడు పందిరి గుంజ పక్కన నిలబడ్డ ఒక ముసలమ్మ నోరు విప్పింది. కాలనీ మనిషి. డెబ్బై అయిదేళ్ళ పైమాటే. తాతను చూడ్డానికి రోజూ వచ్చి ఓ గంట నిలబడి పోతోంది.

"ఆ దోవ సంగతి నాకు తెల్సు" అంది.

అందరూ తిరిగి చూశారు. మా నాన్న "కూర్చో పెద్దమ్మా, కూర్చుని చెప్పు" అన్నాడు.

"ఆ పొద్దు నిలబడే వింటిని, నిలబడే చెప్తా" అంది ఆమె.

కలుపు కూలి దుడ్లు అడగడానికి వచ్చి కట్ట కింద నిలబడిందట. పైన ఈ రెండు కుటుంబాల తండ్రులు, తాత. ఆమె ఉందన్న ధ్యాసే వాళ్ళకు లేదు. గంటసేపు ఆమెను ఎవరూ పలకరించలేదు, కాబట్టి గంటసేపు విన్నది. వేపచెట్టు మొదలు పాతబావి దాకా, బండి ఎడమ చక్రం ముందు చేనాయన వైపు, కుడి చక్రం వెనక చేనాయన వైపు. ఇద్దరూ చెరి సగం నేల వదలాలి. దానికి బదులుగా వెనక చేనాయన తన బావి నీళ్ళు ఎండాకాలంలో వారానికి ఒక పూట ముందు చేనికి వదలాలి. తాత చివర అన్న మాట కూడా చెప్పింది: "దోవ మూస్తే నీళ్ళు మూసినట్టు, నీళ్ళు మూస్తే దోవ మూసినట్టు."

ముందు చేనాయన మొహం వాడిపోయింది. నీళ్ళ వంతు సంగతి ఆయనకు తెలుసు. ప్రతి ఎండాకాలం తీసుకుంటూనే ఉన్నాడు. అది దోవకు బదులని తెలియదు. పక్కవాడి మంచితనం అనుకున్నాడు. పక్కవాడు దోవ తన హక్కనుకున్నాడు, నీళ్ళు తన ధర్మమనుకున్నాడు. ముడి వేసినవాడు పోయాడు, రెండు కొసలే మిగిలాయి.

మర్నాడు పెద్దదినం భోజనాలయ్యాక కట్ట మీద కూర్చుని కాగితం రాశాం. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగుది నేనే రాశాను. బెల్లంముక్కకు నేర్చుకున్న అక్షరాలు అలా పనికొచ్చాయి. రెండు కుటుంబాలూ సంతకాలు చేశాయి. సాక్షి స్థానంలో ముసలమ్మ వేలిముద్ర వేయాలి. కాగితం కట్ట మీద ఉంది. ఆమె ఒకసారి కట్టను చూసింది, ఒకసారి మమ్మల్ని చూసింది. తర్వాత ఎక్కి కూర్చుని వేలిముద్ర వేసింది.

ఇప్పుడే అడగండి

1956 దాకా మన జిల్లాలోదే అయిన అలంపురంలో గడియారం రామకృష్ణశర్మ అనే పెద్దాయన ఉండేవారు. 1919లో పుట్టి 2006లో కన్నుమూశారు. పండితుడు, అలంపురం ఆలయాల చరిత్ర కోసం, తెలుగు కోసం జీవితమంతా తిరిగిన మనిషి. 1953లో అక్కడ ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిపిస్తే సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. ఆయన తన బతుకును 'శతపత్రము' పేరుతో రాసి పెట్టారు. దానికి ఆయన పోయాక 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన రాశారు కాబట్టి ఆ కాలపు ఊళ్ళూ మనుషులూ మనకు మిగిలారు.

మా తాత పండితుడు కాదు, ఒక్క అక్షరం రాయలేదు. మీ ఊళ్ళో మీ తాత కూడా రాసి ఉండడు. ఏటి గట్టుకు అటూ ఇటూ ఇలాంటి కట్టలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, వాటి మీద ఇంకా కొందరు కూర్చునే ఉన్నారు. వాళ్ళను పొగడటానికి దినాల దాకా ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం ఫోను లోపల పెట్టి నాలుగు సంగతులు అడగండి. మన చేలకు దోవ ఏది? నీళ్ళ వంతు ఎవరితో, ఏమని? ఎవరికి మనం బాకీ, ఎవరు మనకు బాకీ? ఏ ఊళ్ళో మనకు ఎవరు చుట్టం? చెప్పింది చెప్పినట్టు రాసి, తేదీ వేయండి. ఏ లిపి వస్తే ఆ లిపిలో. పక్కన ఎవరైనా నిలబడి ఉంటే, వాళ్ళను కూడా కూర్చోబెట్టి అడగండి.

ఆ ఏడు ముంగారు వానలు పడ్డాక నేను చేను దిక్కు పోయాను. కంచె రాళ్ళు వేపచెట్టు కింద ఒక పక్కకు పేర్చి ఉన్నాయి. దోవలో ట్రాక్టరు చక్రాల జాడ తడిమట్టిలో కనిపించింది. ఎడమ చక్రం ఈ చేలో, కుడి చక్రం ఆ చేలో.